విత్తనం మారిస్తే కూరలో సీసం తగ్గుతుందా?

ప్రశ్న: మాది ఒంగోలు నుంచి కొత్తపట్నం పోయే దారిలో ఒక ఊరు. 70 సెంట్ల చెక్కలో పదిహేనేళ్లుగా తోటకూర, పాలకూర, గోంగూర, కొత్తిమీర వేస్తున్నాం. ఒక పక్క కొంచెం వంగ, బెండ. బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయని టౌను నుంచి వచ్చే మురుగు కాలువకే మోటారు పెట్టి తోడుకుంటాం. చేనుకి తూర్పు గట్టు అవతల పాత బ్యాటరీలు పగలగొట్టే షెడ్డు ఒకటి నాలుగేళ్లు నడిచి పోయినేడు మూతపడింది. మొన్న రైతు బజారులో ఒకాయన "కాలువ నీళ్ల కూర, సీసం కాడ్మియం నిండా ఉంటాయి" అని నలుగురిలో అనేసరికి ఆ పూట సగం కట్టలు మిగిలిపోయాయి. అప్పట్నుంచి ఒకటే టెన్షన్. మా కోడలికి అయిదో నెల. ఇంట్లో వండేది ఆ కూరే. విత్తనాల షాపాయన హైబ్రిడ్ వేస్తే ఇలాంటివి తక్కువ పీలుస్తుందంటాడు. మా మరిది నాటు రకమే మేలంటాడు. ఒక్క పంట పొద్దుతిరుగుడు వేస్తే నేల శుభ్రమైపోతుందనీ అంటాడు. బాగా కడిగి ఉడకబెడితే పోదా? చేను వదిలేసుకోవాలా? — ఒక పాఠకురాలు, ప్రకాశం జిల్లా

సమాధానం:

అమ్మా, ముందు మీ కోడలి సంగతి. పరీక్షలు అయ్యేదాకా ఆ చేలో ఆకుకూర ఆ అమ్మాయికి పెట్టకండి. అసలు ఆకుకూరే మాన్పించమని కాదు. ఒంట్లో ఇనుము తక్కువగా ఉంటే పేగు సీసం, కాడ్మియం అనే ఈ విష లోహాలను మామూలుకంటే ఎక్కువగా లాక్కుంటుంది. కాబట్టి ఆకుకూర తినాలి, డాక్టరమ్మ ఇచ్చిన ఐరన్ మాత్రలూ కాల్షియం మాత్రలూ మింగాలి. కూర మాత్రం వేరే ఊరిది కొనండి, లేదా ఊళ్లో చుట్టాల పెరట్లో మునగ చెట్టుంటే ఆకు దూసుకు రండి. ఈసారి చెకప్‌కి వెళ్లినప్పుడు షెడ్డు సంగతి డాక్టరుతో చెప్పి, రక్తంలో సీసం పరీక్ష రాయమని అడగండి. సీసం తల్లి నుంచి బిడ్డకు చేరుతుంది. డెసిలీటరు (100 మిల్లీలీటర్ల) రక్తంలో 5 మైక్రోగ్రాములు, ఆపైన ఉంటే అది ఎక్కడినుంచి వస్తోందో వెతికి ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. అయిదు లోపు ఉంటే ఫరవాలేదని దాని అర్థం కాదు, సీసానికి సురక్షితమైన మోతాదంటూ లేదు. పరీక్ష చేయిస్తే మీ భయం ఎంతవరకు నిజమో తేలుతుంది.

ఇంకో మాట కూడా అడగాలి. ఆ షెడ్డులో మీ ఇంట్లోవాళ్లు ఎవరైనా కూలికి వెళ్లారా? వెళ్లి ఉంటే కూరకన్నా ముందు అప్పటి బట్టలు, చెప్పులు, సంచులు, అక్కణ్నుంచి తెచ్చుకున్న డబ్బాలు, రేకులు అనుమానించాలి. పాత బ్యాటరీ డబ్బాలో బియ్యం పోసుకున్న ఇల్లు ఒకటి చూశాను నేను. అలాంటివి ఉంటే ఇవాళే తీసేయండి.

ఇక విత్తనం ప్రశ్న. షాపాయన మాటా మీ మరిది మాటా రెండూ పక్కన పెట్టండి. హైబ్రిడ్డా, నాటా అన్న దాన్నిబట్టి లోహాలు ఎక్కడం తగ్గడం ఉండదు. అయితే రకానికీ రకానికీ తేడా లేదా అంటే, ఉంది, గట్టిగానే ఉంది. ఒకే నేలలో, ఒకే నీళ్లతో పెంచిన రెండు రకాల్లో కాడ్మియం రెండింతలు, మూడింతలు తేడాగా ఉండటం మామూలే. చైనాలో తూటికూర మీద ఈ పని చాలా చేశారు. డజన్ల రకాలు పక్కపక్కన వేసి, కాడ్మియం తక్కువ ఎక్కేవాటిని వేరుచేశారు. కెనడాలో గోధుమకీ, జపాన్‌లో వరికీ ఏకంగా తక్కువ కాడ్మియం రకాలే తయారుచేసి రైతులకిచ్చారు.

ఈ తేడా ఎందుకొస్తుందో తెలిస్తే మీకు సగం జవాబు దొరుకుతుంది. కాడ్మియం మొక్కకు ఎందుకూ పనికిరాదు. కానీ చూడటానికి జింకు తమ్ముడిలా ఉంటుంది. వేరు మీద జింకు, ఇనుము, మాంగనీసు లోపలికి రావడానికి దారులుంటాయి; ఆ దారుల్లోనే ఇదీ దూరుతుంది. లోపలికొచ్చాక వేరు కణంలో ఒక కొట్టుగది ఉంటుంది, అక్కరలేనిదాన్ని అందులో తోసి తలుపు వేసే ఏర్పాటు ఉంటుంది. కొన్ని రకాల్లో ఆ తలుపు గట్టిగా పడుతుంది, కాడ్మియం వేరులోనే ఉండిపోతుంది. కొన్నిటిలో తలుపు వదులు, నీళ్లతోపాటు పైకి పోతుంది. ఇది ఆ రకానికి పుట్టుకతో వచ్చే గుణం. నాటు విత్తనంలోనూ వదులు తలుపు ఉండొచ్చు, ఖరీదైన హైబ్రిడ్‌లోనూ ఉండొచ్చు. దిగుబడి, తెగులు, రంగు, నిలవ ఉండటం, వీటిని చూసి రకాలు ఎంచారు తప్ప మన దగ్గర అమ్మే తోటకూరకు గానీ పాలకూరకు గానీ కాడ్మియం చూసి ఎంచిన రకమంటూ లేదు. విత్తనాల ప్యాకెట్టు మీద ఆ ముక్క ఎక్కడా రాసి ఉండదు. రాసి లేనిదాన్ని షాపాయన నోటిమాట మీద ఎక్కువ డబ్బు పెట్టి కొనకండి.

అసలు తేడా రకం దగ్గరకన్నా పంట దగ్గర ఎక్కువ. ఈ విషయం ప్రకాశం జిల్లా వాళ్లకు నేను చెప్పాలా? పొగాకు చూడండి. కాడ్మియాన్ని వేరులో ఆపకుండా ఆకులోకి పంపే మొక్కల్లో పొగాకు పేరుమోసింది. చేలో కాడ్మియం మామూలు స్థాయిలోనే ఉన్నా ఆకులో పోగవుతుంది. అందుకే పొగతాగేవాళ్ల ఒంట్లో కాడ్మియం తాగనివాళ్లకన్నా ఇంచుమించు రెట్టింపు కనిపిస్తుంది. వేరునుంచి పైకి పోయే నీళ్లు ఎక్కువగా పోయేది ఆకులోకే, ఎండకు ఆవిరయ్యేదీ అక్కడినుంచే. నీళ్లు ఆవిరై పోతాయి, వాటితో వచ్చింది ఆకులో మిగిలిపోతుంది. కాయకు అందే ఆహారం వేరే దారిన, ఆకులు వండి పంపితే వస్తుంది. ఆ దారిలో లోహాలు అంత సులువుగా నడవవు. అందుకని కలుషితమైన నేలలో ఆకుకూరల్లో ఎక్కువ, ముల్లంగి, క్యారెట్ లాంటి దుంపల్లో ఆ తర్వాత, కాయల్లో తక్కువ, చిక్కుడు జాతి కాయల్లో ఇంకా తక్కువ ఉంటాయి. అంతర్జాతీయ ఆహార ప్రమాణాల్లోనూ ఈ తేడా కనిపిస్తుంది. కాడ్మియం కిలో ఆకుకూరలో 0.2 మిల్లీగ్రాములు, దుంపల్లో 0.1, కాయకూరల్లో 0.05 దాటకూడదంటారు.

కాయల్లో వంగ మీద మాత్రం ఒక కన్నేసి ఉంచండి. వంగ, మిరప, టమాటా పొగాకు కుటుంబమే కదా, కాడ్మియం విషయంలో కొంచెం ఆ పోలిక ఉంది. జపాన్‌వాళ్లు 2008లో ప్రచురించిన పని ఒకటి నాకు భలే నచ్చింది. కాడ్మియం ఉన్న నేలలో వంగను ఉస్తి మొక్క మీద అంటుకట్టి పెంచితే కాయలో కాడ్మియం దాదాపు మూడింట రెండు వంతులు తగ్గింది. పైన కొమ్మ అదే, కాయ అదే, మారింది వేరొక్కటే. మనం వేపుడు, పులుసు పెట్టుకునే ఆ ఉస్తికాయ మొక్కే. రకం రకం అని మనం పైన చూసి మాట్లాడతాం గానీ లోహాల లెక్కలో రకమంటే వేరు. వేరుకుళ్లు, నులిపురుగు తట్టుకుంటాయని ఉస్తి మీద కట్టిన వంగ అంటునారు ఇప్పుడు కొన్ని నర్సరీల్లో దొరుకుతోంది. మామూలు నారుకన్నా ఖరీదే. మీకు విత్తనం మీద అదనంగా డబ్బు పెట్టాలనే ఉంటే అది హైబ్రిడ్ తోటకూర మీద కాక దీని మీద పెట్టండి.

ఇంతవరకు కాడ్మియం. సీసం నడక వేరు. మీ షెడ్డు వల్ల భయపడాల్సింది సీసానికే. కారు, లారీ బ్యాటరీలో ఉండేది సీసం పలకలు, యాసిడ్. కాడ్మియం అనుమానం కాలువ వైపునుంచి, కొంత ఫాస్ఫేటు ఎరువుల నుంచి. సీసం మట్టికి అతుక్కుపోతుంది. వేరులోకి కొంచెం పోయినా వేరు గోడలకే పట్టుకుంటుంది, పైకి ఎక్కేది చాలా తక్కువ. మరి ఆకులో సీసం ఎలా కనిపిస్తుందంటారా? చాలావరకు పైనుంచి పడిందే. గాలికి లేచిన దుమ్ము, వాన చినుకు పడ్డప్పుడు చింది ఆకు అడుగుకు కొట్టుకున్న మట్టి. తోటకూర, కొత్తిమీర జానెడు ఎత్తులో ఉంటాయి, ఒక్క పెద్ద వానకు ఆకు అడుగంతా మట్టి పొర. గోంగూర ఆకు మీద ఉండే నూగుకు దుమ్ము ఇంకా బాగా పట్టుకుంటుంది. కాబట్టి సీసం విషయంలో రకం మార్చి లాభం లేదు, దుమ్మునీ చిమ్మునీ ఆపాలి.

ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి. మా ఇంటి పాత ఇనుప గేటుకు రంగు వేయించేటప్పుడు పాత పెచ్చులన్నీ గీకించి గోడ పక్కన పడేశాను. నెల తిరక్కుండా అక్కడే పుదీనా గుచ్చాను, నీడ బాగుందని. మన దేశంలో ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (కిలోకు 90 మిల్లీగ్రాములు) దాటకూడదన్న నిబంధన 2017లో గానీ అమల్లోకి రాలేదు. మా గేటు రంగు అంతకు పాతికేళ్ల ముందుది. మట్టి పరీక్షల గురించి ఊరందరికీ చెప్పేవాడిని, నా పెరట్లో ఆ సంగతే తట్టలేదు. మా ఆవిడ చట్నీ చేయబోతూ ఆకు మీద నీలం పెచ్చు చూసి అడిగింది. పుదీనా పీకేసి, జానెడు లోతు మట్టి తవ్వించి తీసేశాం. ఇప్పుడక్కడ కనకాంబరం ఉంది.

మీ ఉత్తరంలో మీరు పెద్దగా పట్టించుకోకుండా రాసిన ముక్క ఒకటుంది: "బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయని." నాకు అక్కడే కలం ఆగింది. మీ వైపు పొగాకు రైతునెవర్నయినా అడగండి, ఉప్పులో ఉండే క్లోరైడు ఎక్కువున్న నీళ్లంటే ఎందుకు భయమో. ఆకు సరిగ్గా కాలదు, ధర పడిపోతుంది. అందుకే పొగాకుకు మామూలు పొటాష్ వేయరు, క్లోరైడు లేని సల్ఫేట్ ఆఫ్ పొటాష్ వేస్తారు. అదే క్లోరైడు కూరల్లో ఇంకో పని చేస్తుంది. మట్టి రేణువుకు అతుక్కుని కూర్చున్న కాడ్మియాన్ని పట్టుకుని నీళ్లలోకి దింపుతుంది, వేరుకు అందేలా చేస్తుంది. దక్షిణ ఆస్ట్రేలియాలో 1990ల్లో బంగాళాదుంప రైతులకు ఇదే ఎదురైంది. దుంపల్లో కాడ్మియం కొన్నిచోట్ల ఎక్కువ వస్తోంటే నేలలో కాడ్మియం ఎంతుందని వెతికారు, పొంతన కుదరలేదు. చివరికి దుంపలోని కాడ్మియానికి బాగా సరిపోయిన లెక్క నీళ్లలోని, నేలలోని ఉప్పుది. అంటే మురుగు కాలువ వద్దని పూర్తిగా ఉప్పు బోరుకు మారితే, కొత్తగా కాడ్మియం రాకపోవచ్చు గానీ ఇప్పటికే నేలలో ఉన్నది లేచి ఆకులోకి పోతుంది. రెండూ కలిస్తే ఇంకా చెడ్డ.

మరి ఏ నీళ్లు పెట్టాలి? కాలువ నీళ్లలో లోహాలు ఎక్కువగా ఉండేది నీటిలో కాదు, నీటిలో తేలే బురదలో. కాబట్టి మోటారు నుంచి నేరుగా మడిలోకి వదలకండి. గట్టు మీద ఒక గుంట తవ్వి, ఒక రోజు నిలబెట్టి, పైన తేరిన నీళ్లు మాత్రం పెట్టండి. గుంట అడుగు బురద చేలో వేయకండి. కాలువ పూడిక తీసినప్పుడు ఆ మట్టి "బలం" అని తెచ్చి చల్లుకునే అలవాటు మన రైతుల్లో ఉంది. పదిహేనేళ్లలో మీరూ చేసి ఉంటే అది ఏ మడిలో వేశారో గుర్తు తెచ్చుకోండి. ఆ మడి నమూనా విడిగా తీయాలి. మురుగు నీళ్లలో లోహాలే కాదు, రోగక్రిములూ ఉంటాయి. పచ్చిగా తినే కొత్తిమీర, పుదీనా ఆ నీళ్లతో అసలు వద్దు. అవకాశముంటే ఇసుక పర్రలో దొరువు (లోతు తక్కువ నీటి గుంట) తవ్వి వాన నీటి పొర తీసుకోవడం ఉత్తమం. మీ చేను అందుకు పనికొస్తుందో లేదో చుట్టుపక్కల దొరువులున్న రైతులు చూడగానే చెప్తారు.

పరీక్షల సంగతికి వస్తాను. మీ దగ్గర నేల ఆరోగ్య పత్రం ఉండే ఉంటుంది. అందులో 12 అంశాలుంటాయి. ఉదజని సూచిక (pH), లవణాలు, సేంద్రియ కర్బనం, నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్. సీసం, కాడ్మియం అందులో లేవు. పత్రం బాగుందంటే నేలలో విషం లేదని కాదు. అయినా ఆ పత్రం పారేయకండి, ఉదజని సూచిక, లవణాలు, జింకు అంకెలు మనకు కావాలి. సీసం, కాడ్మియం చూసే ప్రయోగశాల ఎక్కడుందో దర్శి కృషి విజ్ఞాన కేంద్రంలో గానీ మీ ఊరి రైతు సేవా కేంద్రంలో గానీ అడగండి. ప్రైవేటు ల్యాబుకు ఇస్తే ఎన్ఏబీఎల్ (ప్రయోగశాలలకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉందేమో చూడండి. లోహానికి ఇంతని తీసుకుంటారు కాబట్టి డజను లోహాలు రాయించుకోకండి. సీసం, కాడ్మియం, క్రోమియం చాలు.

నమూనా తీయడంలోనే చాలామంది చెడగొడతారు. చేనంతా కలిపి ఒక్క సంచి తీస్తే తూర్పు గట్టు సీసం మిగతా మట్టిలో కలిసి కనపడకుండా పోతుంది. మూడు సంచులు తీయండి: షెడ్డు గట్టు నుంచి పది అడుగుల లోపు ఒకటి, కాలువ నీళ్లు మొదట పడే మడి ఒకటి, రెంటికీ దూరంగా ఉన్న మూల ఒకటి. ఒక్కోదానికి ఎనిమిది, పది చోట్ల ఇంగ్లీషు V ఆకారంలో గుంట తీసి, జానెడు లోతు వరకు గోడనుంచి మట్టి గీకి, కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురువి తీసేస్తూ అరకిలోకు తెండి. జింకు పూత రేకు తట్ట, తుప్పు పట్టిన పార వాడకండి; చెక్కతో గీకి ప్లాస్టిక్ బకెట్లో వేయండి. దూరపు మూల సంచి ఎందుకంటే, మిగతా రెండిటినీ దానితో పోల్చుకోవడానికి.

ఇంకో చిన్న పనికి కొంచెం డబ్బు పెట్టండి, దానివల్ల చాలా తెలుస్తుంది. తూర్పు మడిలో ఒకే చోట కోసిన తోటకూరను రెండు భాగాలు చేయండి. ఒకటి అలాగే, ఇంకొకటి మీరు ఇంట్లో కడిగినట్టు మూడు నీళ్లలో కడిగి ఇవ్వండి. కడిగినదాంట్లో సీసం బాగా తగ్గితే అది దుమ్ము, దాన్ని మనం ఆపగలం. తగ్గకపోతే ఆ మూల ఆకుకూరకు నీళ్లొదులుకోవడమే.

కాగితం వచ్చాక కంగారు పడకుండా ఒక్క మాట చూడండి. కూర పరీక్ష అంకె ఎండు బరువు మీద ఇచ్చారా, పచ్చి బరువు మీద ఇచ్చారా? ఆకుకూరలో పదింట తొమ్మిది వంతులు నీళ్లే. ఎండు ఆకులో కిలోకు 2 మిల్లీగ్రాముల కాడ్మియం అని రాస్తే పచ్చి కూరలో అది 0.2 అవుతుంది. ప్రమాణాలన్నీ పచ్చి బరువు మీదే ఉంటాయి. ఈ తేడా చూడకుండా "పది రెట్లు విషం" అని గోల చేసినవాళ్లను చూశాను, ఉన్నదాన్ని లేదని చెప్పినవాళ్లనూ చూశాను. ఆకుకూరలో సీసానికి పచ్చి బరువు మీద కిలోకు 0.3 మిల్లీగ్రాములు హద్దు. మట్టికైతే మన దేశంలో పరిశోధకులు మామూలుగా వాడే హద్దులు సీసానికి కిలోకు 250 నుంచి 500 మిల్లీగ్రాములు, కాడ్మియానికి 3 నుంచి 6. నాకు సీసానికి ఇవి వదులుగా అనిపిస్తాయి. అమెరికాలో పిల్లలు తిరిగే పెరటి మట్టికి 400 అని ఉన్నదాన్ని 2024లో 200కు దించారు. మీ ఇంట్లో రేపు పాకే బిడ్డ ఉంటుంది కాబట్టి మీరు 200నే గుర్తుపెట్టుకోండి.

ఫలితం రాకముందే చేయదగ్గవి ఉన్నాయి. తూర్పు గట్టు పొడవునా పది పదిహేను అడుగుల వెడల్పు మడిలో తినే పంట ఆపేయండి. అక్కడి ఆకుకూర బజారుకు కూడా పంపకండి. మన ఇంట్లో పెట్టనిది ఇంకొకరికి అమ్మడం ఎలాగూ మీకు మనసొప్పదు, ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది. ఆ పట్టీలో బంతి, కనకాంబరం వేయండి, ఒంగోలులో పూలకు గిరాకీ ఎప్పుడూ ఉంటుంది. పశువుల మేత వేయొద్దు, అది పాలకూ పేడకూ తిరిగొస్తుంది. గట్టు మీద దట్టంగా కంచె మొక్కలు పెంచితే దుమ్ము కొంత ఆగుతుంది. మిగతా చేలో కాలువ నీళ్లు మొదట పడే మళ్లల్లో బెండ, గోరుచిక్కుడు, చిక్కుడు, పందిరి మీద బీర, సొర, కాకర. పందిరి కాయకు నేల చిమ్ము తగలదు, అదొక లాభం. అన్నిటికన్నా దూరపు మూలలో, అదీ వరిగడ్డి మందంగా పరిచి, ఆకుకూర కొంచెం ఉంచుకోండి. ఖాళీ ఉందని వేరుశనగ వేయకండి, ఇసుక నేలల్లో గింజలోకి కాడ్మియం ఎక్కించే పంట అది.

దిబ్బ ఎరువు బాగా చివికింది ఎకరానికి నాలుగైదు టన్నుల లెక్కన వేయండి, లోహాలను పట్టి ఉంచుతుంది. మున్సిపాలిటీ కంపోస్టు చవకని కొంటే బస్తా మీద లోహాల వివరం చూడండి. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం కిలోకు సీసం 100, కాడ్మియం 5 మిల్లీగ్రాములు దాటకూడదు. పత్రంలో జింకు 0.6 పీపీఎం కన్నా తక్కువుంటే మీ 70 సెంట్లకు 14 కిలోల జింకు సల్ఫేటు వేయండి. జింకుకు ఆకలిగా ఉన్న మొక్క దారులన్నీ తెరిచి పెడుతుంది, ఆ సందులో కాడ్మియం దూరుతుంది. దాన్ని భాస్వరం ఎరువుతో కలిపి మాత్రం చల్లకండి. మామూలు పొటాష్ బదులు పొగాకు రైతులు వాడే సల్ఫేట్ ఆఫ్ పొటాషే తెచ్చుకోండి. సున్నం చల్లమని ఎవరైనా చెప్తే ఉదజని సూచిక చూసిగానీ వినకండి. ఆమ్ల నేలలో సున్నం మంచి మందు. మన వైపు నేలలు చాలావరకు ఇప్పటికే క్షార గుణంవి, వాటికి ఇంకా సున్నం వేస్తే జింకు, ఇనుము అందక పంట పసుపు రంగుకు తిరుగుతుంది. బ్యాటరీ యాసిడ్ కారిన తూర్పు మూల ఒక్కటే పులిసి ఉండొచ్చు, అక్కడి సంచి ఫలితం చూసి ఆ మూలకు మాత్రం వేద్దాం.

కడగడం, ఉడకబెట్టడం అడిగారు. కడిగితే దుమ్ము పోతుంది, దుమ్ముతో సీసం పోతుంది. మట్టిలో మొదలు భాగం కోసి పారేసి, పెద్ద గిన్నెలో నీళ్లు మారుస్తూ మూడుసార్లు ముంచి తీయండి. కుళాయి కింద ఒక్కసారి తడిపితే చాలదు. ఆకు లోపలికి చేరిన కాడ్మియం మాత్రం కడిగినా పోదు, ఉడికినా పోదు, వేపినా పోదు. లోహం కదా, మంటకు చావడానికి అదేమన్నా పురుగా? ఒంట్లోకి వెళ్లింది కూడా అంతే, మూత్రపిండాల్లో పదేళ్ల నుంచి ముప్పై ఏళ్ల దాకా కూర్చుంటుంది.

పొద్దుతిరుగుడు. మీ మరిది ఎక్కడో చదివే ఉంటాడు. అణు ప్రమాదం జరిగిన చెర్నోబిల్ దగ్గర చెరువు నీళ్లలో పొద్దుతిరుగుడు మొక్కలు తేలించి అణు పదార్థాలు పీల్పించిన మాట నిజం. కానీ అది నీరు, మీది నేల. ఒక లెక్క వేసి చూపిస్తాను, అంకెలు ఉదాహరణకే. ఎకరంలో జానెడు లోతు మట్టి సుమారు 9 లక్షల కిలోలు. అందులో కిలోకు 300 మిల్లీగ్రాముల సీసం ఉంటే మొత్తం 270 కిలోలు. ఎకరానికి 4 టన్నుల ఎండు మొక్క వచ్చి, కిలో మొక్కలో 50 మిల్లీగ్రాముల సీసం ఎక్కిందనుకోండి (నేను ఉదారంగానే ఇచ్చాను), పంటకు పోయేది 200 గ్రాములు. 270 కిలోలు పోవాలంటే 1,350 పంటలు వేయాలి. కాడ్మియానికి ఈ లెక్క కొంచెం నయం, ఆవ మొక్కలతో దశాబ్దాల్లో తేలొచ్చు. పైగా ఆ మొక్కల్ని మేపకూడదు, కాల్చకూడదు, గింజ నూనెకు పంపకూడదు. పొద్దుతిరుగుడు గింజలోకి కూడా కాడ్మియం బాగా ఎక్కుతుంది. మీ మరిదికి ఈ లెక్క చూపించండి. తూర్పు మూలలో సీసం మరీ ఎక్కువని తేలితే పై జానెడు మట్టి తీసేయడమే దారి, దాన్ని ఎక్కడ పడేయాలన్నది మీరొక్కరే తేల్చుకునేది కాదు. పాత బ్యాటరీలు నమోదైన రీసైక్లింగ్ కేంద్రాలకే వెళ్లాలని 2001 నుంచే నిబంధనలున్నాయి, 2022లో కొత్తవి వచ్చాయి. ఆ షెడ్డుకు అనుమతి ఉందో లేదో, మిగిలిన చెత్త ఎక్కడుందో చూడమని కాలుష్య నియంత్రణ మండలికి పరీక్ష కాగితం జతచేసి అర్జీ పెట్టండి. కాగితం లేకుండా నోటిమాటగా వెళ్తే తిప్పుతారు.

చేను వదిలేయక్కర్లేదమ్మా. 70 సెంట్లలో నాలుగైదు సెంట్లు పూలకు పోతాయి, ఇంకొన్ని మళ్లు కాయలకు మారతాయి. రోజువారీ కట్టల డబ్బు తగ్గుతుంది, అది నిజం. బెండ, గోరుచిక్కుడు రోజు విడిచి రోజు కోతకొస్తాయి కాబట్టి చేతిలో ఎంతో కొంత ఆడుతుంది. బజారులో ఆయన మళ్లీ అంటే, పరీక్షకిచ్చాం, ఫలితం వచ్చేదాకా కాలువ మళ్ల కూర తేవడం లేదని చెప్పండి. మూడు సంచులూ రెండు కట్టలూ ఈ వారంలోనే ఇవ్వండి, తుఫాను వానలు మొదలైతే మట్టి చిమ్మి కడిగిన కట్టకూ కడగని కట్టకూ తేడా సరిగ్గా తెలియదు. ఫలితాలు వచ్చాక అంకెలన్నీ రాసి పంపండి. ఏ సంచి ఏ మూలదో దాని మీద రాయడం మర్చిపోకండి.